ఎగరటం రాక కాదు, ఎక్కించటం రాక

2025 నవంబరు 2న మేరీలాండ్ లో సిక్స్ ఫ్లాగ్స్ అమెరికా పార్కు మూతపడింది. బాల్టిమోర్, వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి అది వేసవిలో పిల్లల్ని తీసుకెళ్ళే ఒక పార్కు, అంతే. నాకు మాత్రం ఆ వార్తలో ఇంకో చావు కబురు కనిపించింది. ఆ పార్కులో బ్యాట్‌వింగ్ అని ఒక రోలర్ కోస్టర్ ఉండేది. 2001లో కట్టారు. దానితోపాటు ఒక తరం అయిపోయింది.

ఈ సంగతి మా టీమ్ లో లంచ్ దగ్గర చెబితే ఒకాయన తేల్చి పారేశాడు: "ఫ్లయింగ్ కోస్టర్ అనేదే ఫెయిల్డ్ ఐడియా బాస్. పనికొచ్చేదైతే ఎందుకు తీసేస్తారు?" ఆయన మంచి ఆర్కిటెక్టే. కానీ ఒక ఐడియాకీ, ఆ ఐడియా వెర్షన్ ఒకటికీ తేడా తెలియని ఆర్కిటెక్ట్ ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అక్కడ సాంబారు చల్లారిపోతోందని వాదన ఆపాను. ఇక్కడ ఆపను.

తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. మామూలు రోలర్ కోస్టర్ లో కూర్చుంటాం. ఫ్లయింగ్ కోస్టర్ లో ట్రాక్ కింద, ట్రాక్ కి సమాంతరంగా, తల ముందుకి పెట్టి బోర్లా పడుకుంటాం. కింద నేల కనిపిస్తూ ఉంటుంది, మనం దాని మీదుగా పోతూ ఉంటాం. సూపర్‌మ్యాన్ భంగిమ అనుకోండి. 1997లో మాంచెస్టర్ లోని గ్రనాడా స్టూడియోస్ లో స్కైట్రాక్ అని ఒకటి పెట్టారు, బండికి ఒక్క మనిషి. అది మరుసటి ఏడాదికే మూతపడింది. అసలు కథ మొదలైంది 2000లో, కాలిఫోర్నియా శాంతాక్లారాలో, అంటే మనవాళ్ళ నడిబొడ్డున! గ్రేట్ అమెరికా పార్కులో నెదర్లాండ్స్ కంపెనీ వెకోమా స్టెల్త్ ని కట్టింది. తర్వాతి ఏడాది అదే రకంవి ఇంకో రెండు, ఓహయోలో ఎక్స్-ఫ్లైట్, మేరీలాండ్ లో బ్యాట్‌వింగ్. మొత్తం మూడే మూడు.

2002 వేసవిలో నాన్న విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు. డాట్ కామ్ బుడగ పేలి నేను బెంచి మీద ఉన్న రోజులు, చేతిలో డబ్బు లేకపోయినా టైము మాత్రం పుష్కలంగా ఉంది. ఒక శనివారం గ్రేట్ అమెరికాకి తీసుకెళ్ళాను. నాన్నకి రైడ్లు ఎక్కే ఉద్దేశం లేదు, ఆయన హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పిన మనిషి, కంచె పక్కన నిలబడి చూడటమే ఆయనకి సరదా. స్టెల్త్ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. జనం వెనక్కి తిరిగి కూర్చుంటున్నారు, సీట్లు పడక కుర్చీల్లా వెనక్కి వాలుతున్నాయి, బండి వాళ్ళని వెల్లకిలా పైకి లాక్కుపోతోంది, పైన ట్రాక్ మెలి తిరిగి అందరూ బోర్లా పడుతున్నారు. నాన్న అన్నారు: "ఒరే అబ్బాయ్, ఏ పిట్టయినా వెల్లకిలా పడుకుని ఎగరటం మొదలెడుతుందా?"

అప్పుడు నవ్వేశాను. నేను ఎక్కి దిగి వచ్చాను, నాకు తెగ నచ్చింది. ఆకాశం తప్ప ఏమీ కనపడని ఆ ఎక్కుడూ, తర్వాత ఒక్కసారిగా నేల కనిపించటమూ ఇప్పటికీ గుర్తున్నాయి. కానీ ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే నాన్న వేసిందే అసలు ప్రశ్న అనిపిస్తోంది. వెల్లకిలా ఎందుకు? ఎగరటం కోసమా? కాదు. మనుషుల్ని బోర్లా పడుకోబెట్టి స్టేషన్ లో కట్టటం కష్టం కాబట్టి. ముందు కూర్చోబెట్టి, వెనక్కి వాల్చి, తర్వాత ట్రాక్ తో తిప్పితే పని అయిపోతుందని. ఎగిరే పద్ధతి మొత్తం ఎక్కించే పద్ధతిని బట్టి డిజైన్ అయింది.

ఆ సీట్లని వాల్చే యంత్రాంగం, ఛాతీ కట్టూ, ఒడి కట్టూ, కాళ్ళ కట్టూ అన్నీ సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవాలి. మన భాషలో చెప్పాలంటే ఒక రైలు కదలాలంటే వందకి దగ్గరగా షరతులు, మధ్యలో అన్నీ 'అండ్' లే. ఒక లెక్క వేద్దాం, అంకెలు నేను అనుకున్నవే. స్టెల్త్ రైలులో 24 మంది. మనిషికి నాలుగు సెన్సార్లు అనుకుంటే 96. ఒక్కొక్కటీ వెయ్యిసార్లకి ఒక్కసారే తప్పు చెబుతుందనుకోండి, అంటే 99.9 శాతం నమ్మకస్తురాలు. అయినా మొత్తం 96 ఒకేసారి సరే అనే అవకాశం 91 శాతమే. అంటే ప్రతి పదకొండు రైళ్ళకీ ఒకటి స్టేషన్ లో ఇరుక్కుంటుంది. సేఫ్టీ లాజిక్ ని సడలించమని నేను అనట్లేదు, ఒక్క సెన్సారు కాదన్నా బండి ఆగాల్సిందే. నేననేది అన్ని షరతులు పుట్టించిన డిజైన్ గురించి.

దీనికి క్యూ లెక్క కలపండి. 24 మంది రైలు రెండు నిమిషాలకొకటి కదిలితే గంటకి 720 మంది. 32 మంది రైలు నిమిషానికొకటి కదిలితే 1920. మొదటి రైడ్ ముందు 720 మంది లైన్లో ఉంటే చివరివాడికి గంట, రెండోదాంట్లో అదే లైను 23 నిమిషాల్లో తేలిపోతుంది. పార్కు మేనేజర్ కి ఎగరటం గురించి కవిత్వం చెబితే ఏం లాభం, ఆయన చూసేది ఈ అంకె. ఆయన్ని తప్పు పట్టను.

ఇక ఆ మూడింటి గతి. స్టెల్త్ ని 2003లో శాంతాక్లారాలో విప్పి 2004లో షార్లెట్ పక్కనున్న కారోవిండ్స్ లో బోర్గ్ అసిమిలేటర్ అని పేరు మార్చి పెట్టారు. (అన్నట్టు నేను కూడా అదే ఏడాది కాలిఫోర్నియాలో సామాను సర్దుకుని షార్లెట్ లో ఒక బ్యాంకు ప్రాజెక్టులో పడ్డాను. దాన్ని బోర్గులూ, నన్ను బ్యాంకు వాళ్ళూ కలిపేసుకున్నారని మా రూమ్మేట్ జోకు.) 2008లో నైట్‌హాక్ అన్నారు. 2024 సీజనే దానికి ఆఖరు. ఎక్స్-ఫ్లైట్ 2007లో కింగ్స్ ఐలండ్ కి వెళ్ళి ఫైర్‌హాక్ అయింది, 2018లో తీసేశారు. మూడోది ఇదుగో, ఇప్పుడు పార్కుతో సహా. తయారు చేసిన వెకోమా అయితే 2001లోనే దివాలా తీసింది, తర్వాత లేచింది. మా లంచ్ మేధావి చూసేది ఈ జాబితానే. చూశారా, అన్నీ పోయాయి అని.

కానీ ఆయన మర్చిపోయిన సంగతి ఒకటుంది. 2002లో స్విట్జర్లాండ్ కంపెనీ బీ అండ్ ఎమ్ ఇదే సమస్యకి వేరే జవాబు రాసింది. ఇంగ్లండ్ లోని ఆల్టన్ టవర్స్ లో ఎయిర్. కాళ్ళు వేలాడేసి మామూలుగా కూర్చుంటారు, పైనుంచి చొక్కాలాంటి మెత్తటి కట్టు వస్తుంది, చీలమండల్ని రెండు రెక్కలు పట్టుకుంటాయి, అప్పుడు స్టేషన్ లో ఉన్న యంత్రం సీట్లని పైకి లేపి అందర్నీ ఒకేసారి బోర్లా చేస్తుంది. గొప్ప సులువు ఎక్కడుందో గమనించారా? లేపే బరువు పని రైలుమీద కాదు, స్టేషన్ లో ఉంది. ప్రతి క్లయింటులోనూ పెట్టిన కోడ్ ని తీసుకెళ్ళి సర్వర్ లో పెట్టినట్టు. ఆ డిజైన్లు ఇరవై ఏళ్ళు దాటినా నడుస్తున్నాయి. కాలిఫోర్నియాలో టాట్సు (2006), ఓర్లాండోలో మాంటా (2009), ఒసాకాలో ఫ్లయింగ్ డైనోసార్ (2016).

అలాగని బీ అండ్ ఎమ్ ని నెత్తిన పెట్టుకోను. కూర్చోబెట్టటం, బిగించటం, లేపటం మూడూ స్టేషన్ లోనే జరగాలి కాబట్టి ముందు రైలు కదిలేదాకా వెనక రైలు బ్రేకుల దగ్గర ఆగాలి, అందులో జనం బోర్లా వేలాడుతూ ఉండాలి. రైడ్ అయిపోయాక నేలని చూస్తూ వేలాడటం కంటే చిరాకు ఇంకోటి లేదు. అందుకే ఎయిర్ కీ, మాంటాకీ రెండేసి ప్లాట్‌ఫారాలు కట్టాల్సి వచ్చింది. సర్వర్ స్లో అయితే ఇంకో సర్వర్ కొన్నట్టు, అంతే కదా! ఇక అమెరికాలో సూపర్‌మ్యాన్ అల్టిమేట్ ఫ్లైట్ పేరుతో జార్జియా (2002), న్యూజెర్సీ (2003), ఇల్లినాయి (2003) మూడు చోట్లా ఒకే లేఅవుట్ కాపీ పేస్ట్ చేశారు. ఎడిసన్ నుంచి వెళ్ళి ఎక్కినా, అట్లాంటా నుంచి వెళ్ళి ఎక్కినా అదే మలుపు, అదే జెర్కు. ఒక కొత్త కళారూపం పుట్టిన రెండో ఏడాదికే ఫోటోస్టాట్ తీయటం మొదలుపెడితే అది ఎలా ఎదుగుతుంది?

2011లో అదే కంపెనీ ఇటలీ గార్డాలాండ్ లో రాప్టర్ తో వింగ్ కోస్టర్ తెచ్చింది. ట్రాక్ కి రెండు పక్కలా రెక్కల్లాగా సీట్లు, పైనా కిందా ఏమీ ఉండదు. కూర్చుని ఎక్కటం, కూర్చుని దిగటం. పార్కులు దానికి ఎగబడ్డాయంటే ఆశ్చర్యం లేదు, ఎగిరినట్టు పోస్టరు వేసుకోవచ్చు, ఎక్కించే తలనొప్పి లేదు. నేనూ ఎక్కాను, బానే ఉంటుంది. కానీ అది విమానం రెక్క మీద కుర్చీ వేసుకుని కూర్చోవటం. ఎగరటం కాదు.

ఇప్పుడు నాకు అసలు కోపం తెప్పించే విషయానికి వస్తాను. ఫ్లయింగ్ కోస్టర్ భవిష్యత్తు గురించి ఎవరు మాట్లాడినా ఎత్తెంత, వేగమెంత, ఎన్ని పల్టీలు అంటారు. వీళ్ళెవరూ బోర్లా పడుకున్న మనిషి ఒంటి గురించి ఆలోచించినట్టు లేదు. కూర్చున్నవాడికి లోయ అడుగున పడే బరువు పిరుదుల మీదా, వెన్ను మీదా పడుతుంది, అవి దానికోసమే పుట్టాయి. బోర్లా వేలాడేవాడికి అదే బరువు ఛాతీ కట్టు మీద పడుతుంది. 2 జీ అంటే రెండింతలు మీ బరువు ఆ చొక్కా మీద ఆని ఉంటుంది. నాలుగైదు కిలోల తల తొమ్మిది పది కిలోలై కిందకి వేలాడుతుంది, మోసేది మెడ. రోజుకి పది గంటలు మానిటర్ ముందు వంగి కూర్చునే మన మెడలు! జాన్ స్టాప్ అనే అమెరికన్ ఎయిర్‌ఫోర్స్ డాక్టరు 1954లో రాకెట్ బండి మీద కూర్చుని 46.2 జీ తో ఆగి చూపించాడు, బతికాడు కానీ కళ్ళలో రక్తనాళాలు చిట్లాయి. ఆ బలం కళ్ళని బయటకి తోసే దిక్కులో పనిచేసింది. బోర్లా ఉన్నవాడికి లోయలో పనిచేసేది కూడా ఆ దిక్కే, మోతాదు చాలా తక్కువ, అంతే తేడా. అంకె ఒక్కటే చాలదు, ఏ దిక్కున, ఎంతసేపు అనేది లెక్క. అమెరికాలో రైడ్ల డిజైన్ ప్రమాణం ఏఎస్టీఎమ్ ఎఫ్ 2291 కూడా పరిమితుల్ని దిక్కునీ, వ్యవధినీ బట్టే పెడుతుంది.

డిజైనర్లకి ఇది మొదటినుంచీ తెలుసు. అందుకే స్టెల్త్ లో నిలువు చక్రం వచ్చేముందు మనుషుల్ని మళ్ళీ వెల్లకిలా తిప్పేవాళ్ళు. బీ అండ్ ఎమ్ వాళ్ళ ప్రెట్జెల్ లూప్ కూడా అంతే. పైనుంచి తల కిందుగా దూకి, అడుగుకి వచ్చేసరికి మనిషి ఆకాశం చూస్తూ వీపు మీద ఉంటాడు, బరువంతా సీటుకి పోతుంది. టాట్సులో ఆ లూప్ ఎత్తు 124 అడుగులు. ఎక్కినవాళ్ళకి తెలుసు, అడుగున ఊపిరి ఆగిపోతుంది. గొప్ప ఇంజనీరింగే, ఒప్పుకుంటాను. కానీ ఒక్క మాట: ఆ క్షణంలో మీరు ఎగురుతున్నారా? వీపు మీద పడి నలుగుతున్నారు. ఎత్తు పెంచేకొద్దీ వేగం పెరుగుతుంది, వేగం పెరిగేకొద్దీ బలాలు పెరుగుతాయి, బలాలు పెరిగేకొద్దీ మనిషిని వెల్లకిలా తిప్పక తప్పదు. రికార్డుల దారిలో చివరికంటా వెళితే ఫ్లయింగ్ కోస్టర్ లో ఎగిరే భాగమే మిగలదు. రియాద్ దగ్గర కిద్దియాలో ఫాల్కన్స్ ఫ్లైట్ అని గంటకి 250 కిలోమీటర్ల దాన్ని కట్టారు. పేరులో ఫ్లైట్ ఉంది, జనం మాత్రం బుద్ధిగా కూర్చునే పోతారు. ఆ వేగంలో బోర్లా పడుకోబెట్టమని ఏ ఇంజనీరూ అనడు.

వేగం లేకపోతే మజా ఏముంది అంటారా? ఇంకో చిన్న లెక్క. కింద నేల మన కళ్ళముందు ఎంత జోరుగా జారిపోతుందనేది వేగాన్ని ఎత్తుతో భాగిస్తే వస్తుంది. గంటకి 100 కిలోమీటర్లతో 30 మీటర్ల ఎత్తున పోతే సెకనుకి 0.93 రేడియన్లు. 78 కిలోమీటర్లతో 3 మీటర్ల ఎత్తున పోతే 7.2. తక్కువ వేగంలో దాదాపు ఎనిమిది రెట్ల జోరు! బోర్లా పడుకున్నవాడి మొహం నేలకే ఉంటుంది కాబట్టి ఈ లాభం వాడికే పూర్తిగా దక్కుతుంది. అంటే ఈ రకం కోస్టర్ కి ఆకాశం అక్కర్లేదు, నేల కావాలి. గోడలు, వంతెనలు, నీళ్ళు, చెట్ల కొమ్మలు దగ్గరగా కావాలి. ఎయిర్ ని రూపొందించిన జాన్ వార్డ్లీ కూడా భయపెట్టటం కంటే ఎగిరిన అనుభూతికే మొగ్గాడు. 20 మీటర్ల ఎత్తు, 75 కిలోమీటర్ల వేగం, అంతే. అప్పట్లో చాలామంది చప్పగా ఉందన్నారు. చప్పదనం వేగంలో లేదు, చుట్టూ ఖాళీగా వదిలేయటంలో ఉంది.

ఆ ఖాళీని నింపటానికి 2016లో ఆల్టన్ టవర్స్ వాళ్ళు ఏం చేశారో తెలుసా? ఎయిర్ పేరు గెలాక్టికాగా మార్చి ప్రయాణికులకి వీఆర్ కళ్ళజోళ్ళు పెట్టారు. కళ్ళముందు నిజంగా నేల జారిపోతుంటే దాన్ని మూసేసి తెర చూపించటం! పైగా ఎక్కించటమే అసలు జబ్బు అయిన రైడ్ కి ఇంకో ఎక్కించే పని తగిలించారు. ఆ కళ్ళజోడు తుడవాలి, బిగించాలి, బొమ్మ కనపడుతోందా అని అడగాలి, కనపడని వాడికి మార్చాలి. మన ఆఫీసుల్లో స్లోగా ఉన్న అప్లికేషన్ కి యానిమేషన్లు పెట్టిన ప్రాజెక్టులు గుర్తొచ్చాయి నాకు. తర్వాత ఆ కళ్ళజోళ్ళు తీసేశారు. ఇప్పుడు వీఆరే భవిష్యత్తు అని ఎవరైనా అంటే ముందు ఆ కథ చదవమని చెప్పండి.

మరి దారి ఏది అంటే, 2020 సెప్టెంబరులో జర్మనీలో తెరిచారు. కొలోన్ పక్కన బ్రూల్ లోని ఫాంటాసియాలాండ్ లో ఎఫ్.ఎల్.వై. కట్టింది ఎవరనుకున్నారు? వెకోమా! ఇరవై ఏళ్ళ కిందట స్టెల్త్ తో తిట్లు తిన్న అదే వెకోమా. 2023లో ఆన్‌సైట్ పనిమీద ఫ్రాంక్‌ఫర్ట్ లో ఉన్నప్పుడు ఒక ఆదివారం రైలెక్కి వెళ్ళాను. స్టేషన్ లో మామూలుగా కూర్చున్నాం. కట్టు బిగించారు, బండి కదిలింది. స్టేషన్ వదిలాక, కదులుతూ ఉండగానే, సీట్లు తిరిగి నేల నా మొహం ముందుకి వచ్చింది. వెల్లకిలా పడుకోవటం లేదు, స్టేషన్ లో యంత్రం లేపేదాకా ఆగటం లేదు. వరసలో నిలబెట్టి చేసే పనిని పక్కదారిలోకి తీసేశారు. మనం రోజూ చేసేదే కదండీ, రిక్వెస్ట్ ని ఆపి చేసే పనిని బయటకి తీసి సమాంతరంగా నడపటం! గొలుసు పట్టి లాగే ఎక్కుడు కూడా లేదు, విద్యుదయస్కాంతాలు రెండుచోట్ల తోస్తాయి. ఫ్లయింగ్ కోస్టర్లలో లాంచ్ ఇదే మొదలు. పొడవు 1236 మీటర్లు, ఈ రకంలో అన్నిటికన్నా పొడుగు. వేగం? 78 కిలోమీటర్లే. ఇటుక గోడల మధ్య, వంతెనల కింద, నడిచే జనం నెత్తిమీదుగా తీసుకెళతారు. పైన చెప్పిన లెక్క నా పొట్టలో తెలిసింది.

దీనికి మా మిత్రుడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఫాంటాసియాలాండ్ ఒక కుటుంబం చేతిలో ఉన్న పార్కు, వాళ్ళు తీరిగ్గా కట్టుకుంటారు, మూడు నెలలకోసారి షేర్ హోల్డర్లకి లెక్క చెప్పే పార్కులకి అది కుదరదు అని. ఇందులో నిజం ఉంది, కాదనను. నైట్‌హాక్ పోయిందీ, బ్యాట్‌వింగ్ ఉన్న పార్కు మూసిందీ సెడార్ ఫెయిర్, సిక్స్ ఫ్లాగ్స్ 2024 జులైలో విలీనమయ్యాకే. ఎక్సెల్ షీట్ లో ఎర్రగా కనపడిన ప్రతిదీ పోతుంది. కానీ అది డబ్బు గురించిన వాదన. దాన్ని తెచ్చి ఐడియా పనికిరాదు అనే వాదనకి అతికించటమే నా అభ్యంతరం. పైగా ఆ ఎర్రరంగుకి కారణం ఎగరటం కాదు, ఎక్కించటం. ఎక్కించే చిక్కు విప్పి చూపించాక కూడా పాత ఖాతా చూపించి కొత్తదాన్ని వద్దనటం న్యాయమా?

ఎఫ్.ఎల్.వై. తో అంతా అయిపోయిందని కూడా నేననను. కట్టు ఇంకా గట్టిగానే పడుతుంది, బొద్దుగా ఉన్నవాళ్ళకీ బాగా పొడుగు వాళ్ళకీ ఇబ్బందే. తిరిగే సీట్లు మళ్ళీ రైలు మీదకే వచ్చాయి, అంటే నా 96 సెన్సార్ల లెక్క పూర్తిగా చావలేదు. ఇరవై ఏళ్ళలో సెన్సార్లూ, మోటార్లూ బాగుపడటం వల్ల ఇవాళ అది సాధ్యమైంది. పనిచేయాల్సింది ఇక్కడే. మనిషి ఒంటిని బట్టి సర్దుకునే కట్టు, ఛాతీ మీద పడే బరువుని తుంటికీ తొడలకీ పంచే సీటు, బోర్లా ఉన్నంతసేపూ బలాన్ని హద్దులో ఉంచే మలుపులు. ఈ చివరిది పూర్తిగా సిమ్యులేషన్ పని, ఒక్క మీటరు ఎత్తు పెంచకుండా చేయొచ్చు.

ఆ ఆదివారం సాయంత్రం బ్రూల్ స్టేషన్ లో రైలు కోసం నిలబడి తెనాలికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పది దాటింది, నాన్న ఇంకా పడుకోలేదు. ఎనభై దాటినా ఆయనకి మతిమరుపు రాలేదు. మొత్తం వర్ణించి చెప్పాను, లాంచ్ గురించీ, గోడల మధ్య దూరటం గురించీ. అంతా విని అడిగారు: "ఈసారి కూడా వెల్లకిలానే బయల్దేరదీశారా?"

లేదు నాన్నా, కూర్చోబెట్టి తీసుకెళ్ళి దారిలో తిప్పారు అన్నాను.

"ఆ, పిట్ట కూడా కొమ్మ మీద కూర్చునే కదరా లేస్తుంది" అని ఫోన్ అమ్మకి ఇచ్చారు.